ఎనభై ఐదు చదరపు అంగుళాల పనితనం

విల్సన్ ప్రో స్టాఫ్ 85 టెన్నిస్ రాకెట్ ఎక్కడైనా చేతికి దొరికితే ముందు దాని రంగు చూడకండి, దాని మీది పేరూ చూడకండి. తీగలు తెగిపోయి ఉన్నా పర్వాలేదు. కళ్లు మూసుకుని తల అంచు వెంట బొటనవేలు నడపండి. పైకొస నుంచి దిగుతున్నంతసేపూ ఫ్రేము సన్నగా, ఒకే మందంతో వస్తుంది. గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోట్లకు రాగానే వేలి కింద చిన్న ఉబ్బు తగులుతుంది. రెండు పక్కలా ఒకటే ఉబ్బు. అది దాటాక ఫ్రేము మళ్లీ సన్నబడి మెడలోకి దిగిపోతుంది. 1980ల నాటి ఆ ఉబ్బులో ఎంత ఆలోచన ఉందో తెలిస్తే, తక్కువ డబ్బుతో చిన్న తల రాకెట్‌ను ఎలా ఎంచుకోవాలో సగం తెలిసినట్టే.

బంతి తీగల నడిమధ్యన తగిలినంతవరకు ఏ రాకెట్ అయినా మంచిదే. రెండు అంగుళాలు పక్కకు తగిలినప్పుడే అసలు పరీక్ష. రాకెట్ పిడికిట్లో మెలి తిరుగుతుంది, బంతి దారి తప్పుతుంది. ఆ మెలికను ఆపేది రాకెట్ మొత్తం బరువు ఒక్కటే కాదు. ఆ బరువు నడిమి గీతకు ఎంత దూరాన ఉందన్నది కూడా. దూరం రెట్టింపయితే ఆపే శక్తి నాలుగింతలవుతుంది. బరువు అంతే ఉంచి తల వెడల్పును పదో వంతు పెంచితే చాలు, మెలికకు ఎదురు నిలిచే గుణం ఐదో వంతు పెరుగుతుంది. పెద్ద తల రాకెట్లు అంత మన్నించడానికి ముఖ్య కారణం ఇదే. చిన్న తలకు ఆ వెసులుబాటు లేదు. అందుకని విల్సన్ పనివాళ్లు తలను పెంచకుండానే, బరువులో కొంత తీసుకొచ్చి నడిమి గీతకు అన్నిటికన్నా దూరంగా ఉండే ఆ రెండు చోట్లా పెట్టారు. పెరిమీటర్ వెయిటింగ్ అని దానికి పేరు. బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నదే ముఖ్యమని ఇంత క్లుప్తంగా చెప్పిన ఆట సామాను నాకు మరొకటి కనబడలేదు.

వచ్చిన రోజుల్లో 85 చదరపు అంగుళాల తల చిన్నదేం కాదు. చెక్క రాకెట్ల తల అరవై ఐదు, డెబ్భై చదరపు అంగుళాల దగ్గరే ఉండేది. యాష్, బీచ్ లాంటి కలపను పలుచని బద్దలుగా కోసి, వంచి, జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికి చేసేవాళ్లు. తల వెడల్పు పెంచితే తీగల బిగువుకు చెక్క వంగిపోయేది. వానాకాలంలో వంకర పోకుండా నాలుగు మూలలా మరలున్న ప్రెస్సులో బిగించి ఉంచేవాళ్లు. ఆ హద్దును చెరిపినవాడు హోవార్డ్ హెడ్ అనే అమెరికన్. విమానాల పరిశ్రమ నుంచి వచ్చి, లోహపు స్కీలు చేసి పేరు తెచ్చుకున్న ఇంజనీరు. టెన్నిస్ సరిగా ఆడలేక, తప్పు రాకెట్‌లో ఎక్కడుందో వెతికాడు. 1976లో ప్రిన్స్ కంపెనీ నుంచి అతని అల్యూమినియం రాకెట్ 110 చదరపు అంగుళాల తలతో వచ్చింది. రెండేళ్లకే పదహారేళ్ల పామ్ ష్రైవర్ అలాంటి పెద్ద తల ప్రిన్స్ రాకెట్‌తో యూఎస్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లింది. నవ్వినవాళ్లు ఆ తర్వాత నవ్వలేదు.

ఆ రెండు కొసల మధ్య, గ్రాఫైట్ వచ్చిన కొత్తలో పుట్టినవే 85, 90 రాకెట్లు. చెక్క చేతికి ఇచ్చిన స్పర్శ పోకూడదు, చెక్కకున్న బలహీనత ఉండకూడదు. ఆ పట్టుదలతో చేసినవి అవి. పీట్ సాంప్రాస్ 1990 నుంచి 2002 దాకా గెలిచిన 14 గ్రాండ్‌స్లామ్‌లూ 85తోనే గెలిచాడు. 2001 వింబుల్డన్ నాలుగో రౌండులో అతన్ని ఓడించిన పంతొమ్మిదేళ్ల రోజర్ ఫెదరర్ చేతిలోనూ 85 తలే ఉంది. ఆ తర్వాత ఫెదరర్ 90కి మారి చాలా ఏళ్లు ఆడాడు. 2014లో 97కి వెళ్లాడు. అంతటివాడు వదిలేశాక కంపెనీలు ఆ కొలతను అట్టేపెట్టుకోలేదు. ఇప్పుడు దుకాణంలో ‘మామూలు రాకెట్’ అని అడిగితే చేతికిచ్చేది 100 తలే.

మన అనంతపురంలో ఆ 100 తలకు ఇంకో బలం ఉంది. 2010 అక్టోబరులో రఫేల్ నాదల్ స్వయంగా ఈ ఊరికి వచ్చి, ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడా గ్రామంలో తన ఫౌండేషన్ నడిపే టెన్నిస్ పాఠశాలను ప్రారంభించాడు. 1969లో ఆ ట్రస్టు స్థాపకుడు విన్సెంట్ ఫెర్రర్ వచ్చి పని మొదలుపెట్టిన నేల ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు, లేకపోతే సెనక్కాయ చేను ఎండినట్టు. ఇలాంటి చోట పల్లె పిల్లలు టెన్నిస్‌తో పాటు ఇంగ్లిషు, కంప్యూటరు నేర్చుకునే బడి రావడం మామూలు సంగతి కాదు. నాదల్ ఆడిన రాకెట్ బాబొలా ఏరోప్రో డ్రైవ్. తల 100, ఫ్రేము మందం 23 నుంచి 26 మిల్లీమీటర్లు, తీగలు లేకుండా 300 గ్రాముల తరగతి. కింది నుంచి పైకి విసురుగా గీరి బంతిని తిప్పే ఆటకు అది సరైన సాధనం. ఆ ఆట చూసి పెరిగిన పిల్లలకు రాకెట్ అంటే అదే గుర్తు రావడంలో తప్పు లేదు. నేర్చుకునే పిల్లలకు నేనూ 100 తలే చెబుతాను. ఎదిగే ఎముకలకు, ఇంకా కుదరని టైమింగుకు చిన్న తల అంటగట్టడం అన్యాయం.

చిన్న తల కోరేవాళ్లు వేరే ఉంటారు. బంతిని మరీ తిప్పకుండా చదునుగా కొట్టేవాళ్లు. స్లైస్ కొట్టి నెట్ దగ్గరికి పరిగెత్తేవాళ్లు. ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ ఆడేవాళ్లు. సాయంత్రం కోర్టులో ఇలాంటివాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్లకు చిన్న తల ఇచ్చేది అలంకారం కాదు. తీగ పొడవు తగ్గితే అదే బిగువు దగ్గర అది తక్కువ సాగుతుంది. తక్కువ సాగితే బంతి తీగల మీద తక్కువగా ఎగురుతుంది. ప్రతి దెబ్బకూ బంతి ఒకే కోణంలో బయటికి పోతుంది. సన్నని ఫ్రేము గాలిని చీల్చుకుంటూ పోతుంది కాబట్టి నెట్ దగ్గర చెయ్యి తొందరగా తిరుగుతుంది. తప్పు కొడితే ఆ తప్పు ఎంతో, ఎటువైపో మణికట్టుకు వెంటనే తెలుస్తుంది.

మా ఎండకు ఇది ఇంకాస్త పనికొస్తుంది. 40 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలికన్నా ఆరు శాతం పలచన. బంతి లోపలి గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, గెంతు ఎక్కువవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మామూలు దెబ్బ కూడా గీత దాటిపోతుందంటే అందులో ఆటగాడి తప్పు కొంతే. అలాంటి రోజుల్లో ఎగదోయని తీగల పరుపు ఉంటే బంతి కోర్టులో ఉంటుంది.

ఇక లోపలి పని. గ్రాఫైట్ రాకెట్ గొట్టం. కార్బన్ నారను రెసిన్‌లో తడిపిన పలుచని పొరలను రకరకాల కోణాల్లో కోస్తారు. కొన్ని నిలువుగా, కొన్ని ఏటవాలుగా. నిలువు నార వంగకుండా కాస్తుంది, ఏటవాలు నార మెలి తిరగకుండా కాస్తుంది. ఎక్కడ ఎన్ని పొరలు, ఏ వరుసలో అన్నది ఆ రాకెట్ స్వభావం. ఆ పొరలను గాలితిత్తి చుట్టూ చుట్టి, అచ్చులో పెట్టి మూసి, వేడి చేస్తూ తిత్తిలోకి గాలి ఎక్కిస్తారు. పొరలు అచ్చు గోడలకు అదుముకుని గట్టిపడతాయి. పొరలు పరిచేది ఇప్పటికీ చాలావరకు మనిషి చెయ్యే. ఒక పొర అర సెంటీమీటరు జరిగితే రంగు వేశాక ఎవరికీ కనబడదు, ఆడేవాడి చేతికి మాత్రం తెలుస్తుంది. ప్రో స్టాఫ్‌లో గ్రాఫైట్ ఎనభై పాళ్లు, కెవ్లార్ ఇరవై పాళ్లు, రెండూ జడలా అల్లినవి. దెబ్బ తగిలినప్పుడు వచ్చే వణుకును కెవ్లార్ మింగుతుంది. పదిహేడు మిల్లీమీటర్ల సన్నపు ఫ్రేములో అంత నింపాదితనం అక్కడినుంచే వస్తుంది.

అదే కాలంలో డన్‌లాప్ కంపెనీ మాక్స్ 200జి అని ఇంకో దారి తొక్కింది. జాన్ మెకన్రో, స్టెఫీ గ్రాఫ్ ఆడిన రాకెట్ అది. పొరలు లేవు, అల్లిక లేదు. పొట్టి కార్బన్ నార కలిపిన నైలాన్‌ను కరిగించి అచ్చులోకి ఒత్తిడితో పోస్తారు. మరి లోపల బోలు ఎలా వస్తుంది? తక్కువ వేడికే కరిగే లోహంతో ముందు ఒక గుండెకాయ పోసి, దాని చుట్టూ నైలాన్ నింపి, తర్వాత ఆ లోహాన్ని కరిగించి బయటికి తీసేస్తారు. పంచలోహ విగ్రహాలు పోసే శిల్పి మైనాన్ని కరిగించి ఖాళీ చేసి ఆ ఖాళీలో లోహం నింపుతాడు. ఇక్కడ లోహాన్ని కరిగించి ఆ ఖాళీని అలాగే ఉంచుతారు. తీగలు వెళ్లే దారులు కూడా ఆ అచ్చులోనే వచ్చేస్తాయి. ఆ రాకెట్ బరువు, ఆ మెత్తదనం ఇప్పటివాళ్లకు వింతగా ఉంటాయి. ఆ పద్ధతి కనిపెట్టినవాళ్ల పట్ల నాకు గొప్ప గౌరవం.

తక్కువ డబ్బున్నవాడి ముందు మామూలుగా రెండే దారులు పెడతారు: కొత్త చవక రాకెట్, లేదా అప్పు చేసి కొత్త ఖరీదైన రాకెట్. చవకది అల్యూమినియం గొట్టాన్ని వంచి, మెడ దగ్గర ప్లాస్టిక్ ముక్కతో కలిపినది. కొన్నాళ్లకే ఆ అతుకు కదులుతుంది. దాని తల కూడా ఎప్పుడూ పెద్దదే, ఎందుకంటే చిన్న తలకు కావలసిన సన్నని గట్టి ఫ్రేము ఆ లోహంతో ఆ ధరకు రాదు. మూడో దారి ఎవరూ చెప్పరు. పదేళ్ల కిందట ఒక కంపెనీ తన పైతరగతి ఆటగాళ్ల కోసం చేసిన రాకెట్ సెకండ్‌హ్యాండులో తీసుకోవడం. పొరలు పరిచిన పనిలో కొత్త పాత తేడా పెద్దగా లేదు. ఏటేటా మారేది ఎక్కువగా రంగు. కొన్నవాడు ముందే చెల్లించింది ఆ కొత్తదనానికి. మనం చెల్లించేది పనికి మాత్రమే. చిన్న తల అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఆ రాకెట్ల ధర ఇంకా దిగుతుంది.

ఒక్క మినహాయింపు. 85 ప్రో స్టాఫ్‌ను, ముఖ్యంగా కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్‌లో తయారైన వాటిని, సేకరించేవాళ్లు ఎగబడి కొంటారు. ధర ఆట కోసం కొనేవాడికి అందదు. నా మాట వింటే 85 కోసం పట్టుబట్టకండి. చేతికొస్తే మొక్కి ఆడండి, డబ్బు మాత్రం 93, 95 మీద పెట్టండి. విల్సన్ సిక్స్ వన్ 95, హెడ్ ప్రెస్టీజ్ 93, యోనెక్స్ వీకోర్ 95, ప్రిన్స్ ఫాంటమ్ 93పీ. అన్నీ సన్నని ఫ్రేములే, అన్నిటిలోనూ మనసు పెట్టి చేసిన పని కనబడుతుంది. అనంతపురంలో ఇవి దొరకడం కష్టం. బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. కబ్బన్ పార్కు కోర్టుల ఊరు అది. టెన్నిస్ ఆడేవాళ్లు, రాకెట్లు మార్చేవాళ్లు అక్కడ ఎక్కువ. ఫొటో చూసి డబ్బు పంపడం కన్నా బస్సెక్కి వెళ్లి చేత్తో పట్టుకుని కొనడం మేలు.

వెళ్లేటప్పుడు వంటింటి త్రాసు ఒకటి, కొలత టేపు ఒకటి సంచిలో వేసుకోండి. ముందు పగుళ్లు. మెడ దగ్గర, తల పక్కభాగాల్లో, పైకొస రెండు మూలల్లో వెలుతురుకు పట్టి చూడండి. రంగు మీద గీత ఉంటే గోరు అడ్డంగా నడపండి. గోరు జారిపోతే రంగే; గోరు తట్టుకుంటే ఫ్రేము పగిలింది, వదిలేయండి. తలను రెండు చేతులా పట్టి మెల్లగా నొక్కితే కిర్రుమన్న చప్పుడు రాకూడదు. తర్వాత గ్రామెట్లు. తీగ దూరే ప్రతి రంధ్రంలో ఉండే నైలాన్ గొట్టాలు ఇవి. ఫ్రేము అంచు పదునుకు తీగ తెగకుండా కాసేవి ఇవే. చాలా పాత మోడళ్లకు గ్రామెట్ పట్టీలు దొరకవు, ఆ రాకెట్ ఎంత గొప్పదైనా అవి పోతే ప్రతి వారమూ తీగ తెగుతుంది. ఒకటి రెండు విరిగితే చిన్న గొట్టం ముక్కలు దూర్చి సర్దుకోవచ్చు. పైకొసన ఉండే బంపర్ పట్టీ అరిగి నల్లని గ్రాఫైట్ బయటపడిందంటే ఇంకొక్క సీజనే.

ఆ తర్వాత బరువు. ఇక్కడే చాలామంది మోసపోతారు, అమ్మినవాడి దురుద్దేశం లేకుండానే. పాత చిన్న తల రాకెట్లు కట్టిన తీగలతో 350 గ్రాముల దగ్గర తూగుతాయి. అంత బరువున్నా తేలిగ్గా తిరుగుతాయి, ఎందుకంటే బరువు పిడి వైపు ఉంటుంది. ఆ పిడికి కంపెనీలో చుట్టింది అసలైన తోలు. చాలాసార్లు మొదటి యజమాని ఆ తోలు పీకేసి మెత్తని సింథటిక్ గ్రిప్ చుట్టి ఉంటాడు. పది గ్రాములు పోతే ఏమవుతుంది అనుకోవచ్చు. లెక్క వేస్తే, పిడి దగ్గర పది గ్రాములు తగ్గితే తూకపు బిందువు తల వైపు ఆరు మిల్లీమీటర్లు జరుగుతుంది. చేతికి అది పూర్తిగా వేరే రాకెట్. వోలీ ఆలస్యమవుతుంది, భుజం అలసిపోతుంది, ‘చిన్న తల నాకు పడదు’ అని వదిలేస్తారు. కొత్త తోలు గ్రిప్ ఒకటి చుట్టించండి, రాకెట్ తిరిగి వస్తుంది. రాకెట్‌ను టేబుల్ అంచు మీద అడ్డంగా నిలబెట్టి అది ఆగే చోటు పిడి చివర నుంచి ఎంతో టేపుతో కొలవండి. 31, 32 సెంటీమీటర్ల మధ్య ఆగితే ఆ పనివాడు అనుకున్న తూకం ఉన్నట్టే. పిడి చుట్టుకొలత చిన్నదైతే ఓవర్‌గ్రిప్పుతో పెంచుకోవచ్చు, పెద్దదాన్ని తగ్గించడం కష్టం.

మిగిలిన డబ్బు గట్టింగుకు, అంటే తీగలు కట్టించడానికి, దాచుకోండి. మన ఊళ్లలో బ్యాడ్మింటన్ రాకెట్లకు గట్టింగ్ చేసే దుకాణాలే ఎక్కువ. అక్కడ పాతిక పౌన్ల బిగువు అలవాటు, టెన్నిస్‌కు దాని రెట్టింపు. పట్టు సరిగా లేని మిషన్ మీద సన్నని ఫ్రేమును అంత బిగువుకు లాగితే తల గుడ్డు ఆకారం మారుతుంది. మంచి పనివాడు ముందు నిలువు తీగలు నడిమి నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి సమంగా పోతూ లాగుతాడు, ఒక పక్క రెండు మూడు దాటి ముందుకు పోడు. కొనేముందు అతని పని చూడండి. చిన్న తలకు తీగల పరుపు సహజంగానే గట్టి. అందుకని నాదల్ వాడిన రకం పాలిస్టర్ తీగ ఎక్కించవద్దు, మోచెయ్యి ఓర్చుకోదు. సింథటిక్ గట్ 1.30 మిల్లీమీటర్లది, 50 పౌన్ల లోపు బిగువు చాలు. సాంప్రాస్ 75 పౌన్ల దాకా బిగించేవాడని విని పోటీ పడకండి. అతను వాడింది సహజమైన గట్, పశువుల పేగు పొర నుంచి తీసేది. 1875లో బాబొలా కుటుంబం లియోన్‌లో టెన్నిస్‌కు ఆ తీగ చేయడం మొదలుపెట్టింది. రాకెట్లు చేయడానికి మాత్రం 1994 దాకా ఆగింది. నూట ఇరవై ఏళ్లు తీగ మీదే దృష్టి పెట్టిన ఇల్లు అది. సహజ గట్‌కు శత్రువు తేమ. ఆ ఒక్క విషయంలో మా పొడి గాలి దానికి చుట్టం. ధరే మన చుట్టం కాదు.

ఇక్కడి తీగకు అసలు శత్రువు దుమ్ము. గాలికి లేచే సన్నని మట్టి తీగలు ఒకదాన్నొకటి దాటే చోట చేరి, ప్రతి దెబ్బకూ ఆకురాయిలా కోస్తుంది. ఆట అయ్యాక పొడి గుడ్డతో నిలువు తీగలు తుడిచి, పక్కకు జరిగిన వాటిని వేళ్లతో సర్దితే తీగ ఎక్కువ రోజులు ఉంటుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో రాకెట్ వదలకండి. ఫ్రేముకు ఏమీ కాకపోయినా తీగ బిగువు జారిపోతుంది.

రెండు కొనగలిగితే ఒకే మోడల్ రెండు తీసుకోండి. కొత్తది ఒకటి కొనే డబ్బుకు పాతవి రెండు వస్తాయి. ఒకదాని తీగ ఆట మధ్యలో తెగినా రెండోది చేతిలో ఉంటుంది. ఒకే అచ్చు నుంచి వచ్చినా రెండూ బరువులో ఐదారు గ్రాములు తేడా ఉండొచ్చు. త్రాసు మీద పెట్టి, తేలికైనదాని తలకు మూడు, తొమ్మిది అంకెలుండే చోట్ల లోపలి వైపు సీసపు టేపు సమంగా రెండు ముక్కలు అంటించండి. అలా తల బరువెక్కితే తూకపు బిందువు మళ్లీ కొలిచి, పిడి కొసన మూత కింద ఇంకో రెండు గ్రాములు చేర్చండి.